నింబాపురంలో చూసిన "వాలి చితి" నిజానికి ఏమిటి? పశువుల దొడ్డా, పూజాస్థలమా?

ప్రశ్న: తార్నాక టీచర్

సభ్యులందరికీ నమస్కారం. దసరా సెలవుల్లో పిల్లలను తీసుకొని హంపి వెళ్ళి వచ్చాము. విఠలాలయం చూసి బయటకు వచ్చాక, మా వెంట ఉన్న గైడు నింబాపురం వైపు తీసుకువెళ్ళి, తెల్లగా పాలిపోయినట్టున్న ఒక దిబ్బను చూపించి, రాముడి బాణానికి కూలిన వాలిని దహనం చేసిన చోటు ఇదేనని చెప్పాడు. కిష్కింధ ఆ చుట్టుపక్కలే అని నమ్మకం కనుక మా అత్తగారు చెప్పులు విడిచి దణ్ణం పెట్టుకున్నారు. నేను దగ్గరకు వెళ్ళి చూస్తే అది మట్టీ కాదు, రాయీ కాదు. పైన మెత్తటి బూడిద ఉన్నది. దాని కింద నుంచి ఆకుపచ్చ ఛాయ కలిసిన బూడిదరంగు గడ్డలు పైకి తేలి ఉన్నాయి. వాటి నిండా బుడగలు, అక్కడక్కడ గాజు పూత పూసినట్టు మెరుపు కనిపించాయి.

అరచేతిలో పట్టేంత గడ్డనొకదాన్ని మా అబ్బాయి జేబులో వేసుకున్నాడన్న సంగతి, ఇంటికి వచ్చి బట్టలు ఉతకడానికి వేసేటప్పుడు గాని నాకు తెలియలేదు. వాడికి పదకొండేళ్ళు. అప్పటి నుంచి ఆ గడ్డ మా వంటింటి కిటికీలో ఉన్నది. అంత పరిమాణం ఉన్న గులకరాయితో పోలిస్తే దీని బరువు సగం కూడా ఉండదు. మొన్న వాడు దాని మీద నిమ్మరసం పిండి చూశాడు. గాజులాంటి భాగం ఏమీ కాలేదు గాని, రంధ్రాల్లో ఇరుక్కొని ఉన్న తెల్లపొడి సన్నగా చుయ్యిమని నురగ కట్టింది.

మా బంధువు ఒకాయన దాన్ని చూడగానే, ఇది ఆవుపేడ బూడిద అని, కొన్ని వేల ఏళ్ళ కిందటి పశువుల దొడ్డి తాలూకు అవశేషమని అన్నారు. ఇలాంటిదాన్నే మన ఉట్నూరులో తవ్వి చూస్తే గుండ్రంగా కట్టిన కంచె ఆనవాళ్ళు బయటపడ్డాయట. అది మా అబ్బాయికి నచ్చలేదు. పేడను ఎవరైనా కుప్ప పోస్తారు గాని పనిగట్టుకొని గాజు అయ్యేదాకా కాలుస్తారా అని వాడి ప్రశ్న. నాకూ అదే అనుమానం కలిగింది. అది దొడ్డే అయితే తగలబెట్టడం ఎందుకు? పూజాస్థలమైతే కంచె ఎందుకు? ఇవి నిజంగా మన ప్రాంతంలోనూ ఉన్నాయా? తెలిసినవారు వివరించగలరు.

జవాబు: ఉట్నూరు వాసి

మాది ఆదిలాబాద్ ఉట్నూరు. ప్రస్తుతం కూకట్‌పల్లిలో ఉంటున్నాను. పుట్టి పెరిగిన ఊరిలో అలాంటి దిబ్బ గురించి నేను ఎప్పుడూ వినలేదు. మీ బంధువు గారు పొరబడ్డారేమో.

జవాబు: ఆబిడ్స్ పాఠకుడు

పొరబడలేదు. ఆయన చెప్పిన ఉట్నూరు వేరు, అది పాత మహబూబ్‌నగర్ జిల్లాలోనిది. రెండు ఊళ్ళకూ ఒకే పేరు కావడం వల్ల ఈ గందరగోళం ఎప్పుడూ ఉన్నదే. అక్కడి బూడిద దిబ్బను 1957లో బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త రేమండ్ ఆల్చిన్ తవ్వారు. ఆ నివేదికను 1961లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం హైదరాబాదు నుంచే ప్రచురించింది. చాలా ఏళ్ళ కిందట ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద, పాత ఇంజనీరింగ్ గైడ్ల కింద దాని ప్రతి నాకు దొరికింది. పటాల పుటలు తేమకు అంటుకుపోయి ఉంటే ఆవిరి పట్టి విడదీసుకున్నాను. ఈ విషయం మీద నా ఆసక్తి అక్కడ మొదలైంది.

ఈ దిబ్బల గురించి జరిగిన వాదనలకు దాదాపు 200 ఏళ్ళ చరిత్ర ఉన్నది. మద్రాసు సైన్యంలో అధికారిగా ఉన్న న్యూబోల్డ్ 1830, 40 దశకాల్లో బళ్ళారి ప్రాంతపు దిబ్బలను చూసి వాటి గురించి రాశాడు. బళ్ళారి నుంచి హోస్పేట వెళ్ళే దారిలో కుడతిని దగ్గర కొండల సందున ఉన్న పెద్ద దిబ్బకు బూదికనుమ అని పేరు. భీముడు చంపిన హిడింబాసురుడిని అక్కడే కాల్చారని స్థానికుల నమ్మకం. (కన్నడంలో బూది అంటే బూడిద. కనుమ అంటే మనకు తెలిసిన కొండదారే. పశువుల పండుగ కనుమతో దీనికి చుట్టరికం కలపాలని నాకు కూడా ఒకప్పుడు సరదా పుట్టింది గాని, ఆ కనుమ వేరు, ఈ కనుమ వేరు.) కాబట్టి మీరు విన్న వాలి కథ ఒంటరిది కాదు. ఇంత బూడిద మిగిలిందంటే కాలినవాడు మహాకాయుడై ఉండాలన్న తర్కమే రెండు చోట్లా పనిచేసింది, అది ఒక విధంగా శాస్త్రీయమైన తర్కమే. చూసింది బూడిదేనని ఆ ఊళ్ళవాళ్ళు సరిగ్గానే పోల్చుకున్నారు. చదువుకున్నవాళ్ళలో మాత్రం కొందరు దాన్ని అగ్నిపర్వతపు రాయి అన్నారు, కొందరు లోహం కరిగించిన కొలిమి చిట్టెం అన్నారు, మరికొందరు విజయనగర కాలంలో జరిగిన సతీసహగమనాల గుర్తు అన్నారు. దక్షిణ భారత పూర్వచరిత్ర పరిశోధనకు పునాది వేసిన రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఒక్కడు, ఇది పేడ కాలగా మిగిలినదేనని, రాతి గొడ్డళ్ళు వాడిన నవీన శిలాయుగపు పశుపోషకుల పని అని పట్టుబట్టాడు. 1950 దశకం చివర ఫ్రెడరిక్ జోయ్‌నర్ ప్రయోగశాలలో పరీక్షించి అది పేడేనని నిర్ధారించాడు.

పేడ అని తేలినా దొడ్డి అని తేలడానికి ఉట్నూరు కావలసి వచ్చింది. ఆల్చిన్ దిబ్బను నిలువునా కోసి చూసినప్పుడు, బూడిద పొరల మధ్య స్తంభాలు పాతిన గుంటలు వరుసగా కనిపించాయి. తాటిమొద్దులు దగ్గర దగ్గరగా పాతి కట్టిన దడి అది. ఒకదాని లోపల మరొకటిగా రెండు దడులు ఉండేవని, లోపలి దడిలో పశువులను తోలి, రెండింటి నడుమ ఉన్న జాగాలో మనుషులు గుడిసెలు వేసుకునేవారని ఆయన అర్థం చేసుకున్నారు. ఆ దడి కాలిపోయింది, దాని మీదనే మళ్ళీ కట్టారు, మళ్ళీ కాలింది, మళ్ళీ కట్టారు. ఇదంతా ఒక ఎత్తు, ఒక పొరలో దొరికిన గిట్టల ముద్రలు ఒక ఎత్తు. తడి నేల మీద పశువులు ఒకదాన్నొకటి తోసుకుంటూ తిరిగిన గుర్తులు, పైన బూడిద కప్పడం వల్ల చెదరకుండా నిలిచిపోయాయి. కార్బన్ 14 పరీక్ష ప్రకారం అది క్రీ.పూ. మూడవ సహస్రాబ్ది నాటి సంగతి.

అందువల్ల మీ ప్రశ్నను రెండుగా విడగొట్టాలని నా మనవి. దడి ఎందుకు కట్టారన్నది ఒకటి, అందులో పేరుకున్న పేడను ఎందుకు కాల్చారన్నది మరొకటి. మొదటిదానికి ఆ గిట్టల ముద్రలే జవాబు చెప్పాయి. ఇప్పటికీ తేలనిది రెండవదే. దొడ్డా, గుడా అని ఒకే ఊపిరిలో అడిగినప్పుడు ఈ రెండూ కలగలిసిపోతాయి, పండితుల వ్యాసాల్లో కూడా కలగలిసిపోయాయి. పదే పదే జరిగింది కనుక ఇది ప్రమాదం కాదని ఆల్చిన్ అభిప్రాయం. మందలు మేతకు బయలుదేరే వేళనో, తిరిగి వచ్చే వేళనో, ఏడాదికొక పండుగలా పాత దొడ్డిని తగలబెట్టి పశువులను నిప్పుల మీదుగా దాటించి ఉంటారని, హోలీ, దీపావళి, సంక్రాంతి మంటలకు మూలం అలాంటి ఆచారాల్లో ఉండవచ్చునని ఆయన ఊహించారు.

జవాబు: పాలమూరు పెద్దిరెడ్డి మనుమడు

పెద్దలు రాసినది శ్రద్ధగా చదివాను. నేను ఉద్యోగరీత్యా ఎల్బీనగర్‌లో ఉంటున్నప్పటికీ, ఊళ్ళో ఇప్పటికీ మా కొట్టంలో ఎడ్లు, బర్రెలు ఉన్నాయి. పేడ కట్టెత్తి, పెంటకుప్ప మీద వేసి, మృగశిర కార్తె లోపల చేనుకు తోలడం నా చిన్నతనం నుంచి చేసిన పని. ఆ అనుభవంతో చూస్తే, తల్లి గారి కుమారుడు వేసిన ప్రశ్న చాలా సరైనది. పేడను కాల్చడం అంటే మా ఇళ్ళలో వడ్లను కాల్చినంత తప్పు. గొర్ల మందను రాత్రిపూట చేనులో పడుకోబెట్టుకున్నందుకు రైతే కాపరికి ఎదురు గింజలు కొలిచి ఇస్తాడు, అది దాని విలువ.

అయితే ఆలోచించిన కొద్దీ ఈ విలువ పేడలో లేదు, చేనులో ఉన్నదని నాకు తోచింది. ఎంత సేద్యం ఉంటే అంత ఎరువు కావాలి, అడవి తరిగితే పిడకలు కావాలి. మంద వందల్లో ఉండి, సేద్యం పెరటి మడి అంత ఉండి, చుట్టూ కట్టెలు కావలసినన్ని దొరికే మనుషులకు ఆ పేడ బరువే తప్ప బలం కాదు. వానలు పడితే దొడ్డి మోకాలి లోతు రొచ్చు అవుతుంది. గిట్టలు పాచిపోతాయి, గోమారులు, పిడుదులు, ఈగలు పట్టి పీడిస్తాయి. దాన్ని ఎండాకాలంలో ఒకసారి తగలబెడితే నేల శుభ్రపడుతుంది, బూడిద మీద పశువు పొడిగా పడుకుంటుంది. ఇప్పటికీ మేము సాయంత్రం పూట కొట్టంలో వేపాకు, పిడకలు వేసి దోమలకు పొగ పెడతాము. మంటను చూస్తే పండుగే గుర్తుకు రావాలన్న నియమం లేదు కదా.

ఒక సంగతి మాత్రం నాకు అర్థం కాలేదు. నేను పదవ తరగతి చదివే ఏడు మా నాయనమ్మ పొయ్యిలోని బూడిదను నిప్పు ఆరకముందే పెంటకుప్ప మీద పోసింది. మంట ఎక్కడా కనిపించలేదు గాని, పొగ ఎనిమిది రోజులు ఆగలేదు. బిందెలతో నీళ్ళు పోస్తే పైన ఆరేది, లోపల రాజుకునేది. చివరకు మా నాయన పారతో తెగ్గొట్టి పరిచినప్పుడు లోపల అంతా తెల్లటి మెత్తని బూడిద, కొన్ని అట్టకట్టిన పెళ్ళలు ఉన్నాయి. పెళ్ళలు వేళ్ళతో నలిపితే పొడి అయ్యాయి. గాజు మాత్రం రవ్వంత కూడా లేదు. మరి ఆ దిబ్బల్లో గాజు ఎక్కడి నుంచి వచ్చింది?

జవాబు: ఉప్పల్ బాయిలర్ ఇంజనీర్

చరిత్ర నాకు తెలియదు గాని గాజు సంగతి చెప్పగలను. నేను పనిచేసిన బాయిలర్లు చాలావరకు చెరకు పిప్పి, ఊక కాల్చేవి. వాటి గ్రేటు మీద అట్టకట్టే క్లింకర్‌ను గడ్డపారలతో పగలగొట్టించడం నా ఉద్యోగంలో సగం. ప్రశ్నలో వర్ణించిన గడ్డ, అంటే బుడగలతో, ఆకుపచ్చ ఛాయతో, తేలికగా ఉన్నది, నాకు పాత స్నేహితుడిలా అనిపించింది.

గడ్డి కాడల్లో, ఆకుల్లో సిలికా కణాలు ఉంటాయి. గడ్డి ఆకు అంచు చేతికి కోసుకోవడానికి కారణం కూడా అదే. ఆవు గడ్డి తిన్నప్పుడు ఆ సిలికా అరగదు, పేడలోకి వచ్చేస్తుంది. సిలికా ఒక్కటే అయితే 1,700 డిగ్రీల సెల్సియస్ దాటితేగాని కరగదు. కాని మొక్కల బూడిదలో పొటాషియం వంటి క్షారాలు ఉంటాయి. అవి తోడైతే అంతకు కొన్ని వందల డిగ్రీల ముందే అది మెత్తబడి పాకంలా సాగుతుంది. పూర్వం గాజు తయారుచేసేవారు ఇసుకలో మొక్కల బూడిద కలిపినది ఇందుకే. పాకంగా ఉన్నప్పుడు లోపల చిక్కుకున్న వాయువులు బుడగలు కడతాయి, చల్లబడగానే అవి అలాగే బిగుసుకుపోతాయి. ఆకుపచ్చ ఛాయ ఇనుము వల్ల రావచ్చు, మామూలు సీసాల గాజుకు ఆ రంగు వచ్చేది దానివల్లనే. బాబు నిమ్మరసం పిండినప్పుడు నురగ కట్టిన తెల్లపొడి కాల్షియం కార్బొనేట్ అయి ఉంటుంది, అది కూడా కాలిన పేడలో ఉండవలసినదే. గాజు మీద నిమ్మరసం పనిచేయకపోవడమూ సహజమే. ఇంట్లో చేసిన పరీక్షకు ఇంతకంటే మంచి ఫలితం రాదు.

నాయనమ్మ గారి పెంటకుప్పలో గాజు రాకపోవడానికి కారణం గాలి. తడి ఉన్న కుప్పలో, గాలి ఆడని చోట, నిప్పు కుమ్ములా నడుస్తుంది, వేడి పెద్దగా పెరగదు. బాగా ఎండి, లోతుగా పేరుకున్న పేడ, ఎదురుగాలికి ఒకేసారి అంటుకుంటే లెక్క వేరు. లోపలి పొరలకు పై పొరలే దుప్పటి, వేడి బయటకు పోయే దారి ఉండదు. అందుచేత మెత్తటి బూడిద, గాజు గడ్డ ఒకే దిబ్బలో వేర్వేరు పొరలుగా ఉంటే, అక్కడ రెండు రకాల నిప్పులు నడిచాయని నేను అంటాను. ఎవరు, ఎందుకు అంటించారన్నది బాయిలర్ ఇంజనీరు చెప్పేది కాదు.

జవాబు: గచ్చిబౌలి పరిశోధక విద్యార్థిని

పై జవాబు నాకు ఎంతో ఉపయోగపడింది, ఎందుకంటే ఈ దిబ్బల మీద ఇప్పటి చర్చ సరిగ్గా ఆ రెండు రకాల నిప్పుల దగ్గరే ఆగి ఉన్నది. నేను చదువుతున్నది పురావస్తు శాస్త్రం కనుక, ఆల్చిన్ తరువాత జరిగినది కొంత చేర్చుతాను.

కృష్ణా, తుంగభద్రా నదుల పరీవాహక ప్రాంతంలో ఇలాంటి దిబ్బలు 100కు పైగా గుర్తించారు. ఎక్కువ భాగం కర్ణాటకలోని బళ్ళారి, రాయచూరు, కలబురగి ప్రాంతాల్లో ఉన్నాయి. తెలుగు నేల మీద ఉట్నూరుతో పాటు అనంతపురం జిల్లా పాలవాయి కూడా ప్రసిద్ధమైనదే. అన్నిటికంటే విపులంగా తవ్వినది సురపురం ప్రాంతంలోని బూదిహాళ్. కె. పద్దయ్య గారు 1989 నుంచి 1997 వరకు అక్కడ తవ్వకాలు జరిపారు. దిబ్బ పక్కనే ఇళ్ళు, చెకుముకి రాతి పనిముట్లు చేసుకున్న చోటు, కుండల్లో పెట్టి పూడ్చిన పసిపిల్లల సమాధులు, పశువులను కోసి మాంసం పంచుకున్న నేల బయటపడ్డాయి. దీనితో, ఇవి అడవిలో సంచరించే కాపరుల తాత్కాలిక మజిలీలన్న ఆల్చిన్ ఊహకు గట్టి దెబ్బ తగిలింది. బూదిహాళ్ వరకు అది ఒక ఊరు, దొడ్డి ఆ ఊరిలో భాగం. పేడను ఎప్పటికప్పుడు దొడ్డి నుంచి ఎత్తి ఒక పక్క పోసి, కాలుస్తూ పోగా దిబ్బ పెరిగిందని పద్దయ్య గారి వివరణ. పాలమూరు సోదరులు చెప్పిన శుభ్రత కారణం దీనికి దగ్గరగా ఉన్నది.

సేద్యం గురించి వారు ఊహించినదానికి కూడా ఆధారం ఉన్నది. డోరియన్ ఫుల్లర్, రవి కొరిశెట్టర్ తదితరులు ఈ కాలపు ఆవాసాల మట్టిని నీటిలో తేల్చి, మాడిన గింజలను ఏరి పరిశీలించారు. వాటిలో ముఖ్యమైనవి అండు కొర్రలు, కొర్ర జాతికి చెందిన మరొక చిరుధాన్యం, ఉలవలు, పెసలు. ఈ రోజు మన హైదరాబాదు సూపర్ మార్కెట్లలో ఆరోగ్యం పేరుతో ఖరీదుగా అమ్ముతున్న అండు కొర్రలే అవి. వానాధారపు చిన్న మడుల్లో పండే ఈ పంటలకు వందల పశువుల పేడ అక్కరలేదన్న మాట నిలబడుతుంది.

కాని అక్కడితో కథ ముగియదు. శుభ్రతే ఉద్దేశమైతే పేడను ఎక్కడైనా చెల్లాచెదురుగా పోసి కాల్చవచ్చు. తరాల తరబడి అదే చోట, అదే దిబ్బ మీద, కొన్ని చోట్ల దాదాపు 10 మీటర్ల ఎత్తు వచ్చేదాకా ఎందుకు పోశారు? రోజువారీ కుమ్ముతో తెల్లబూడిద వస్తే చాలు, మధ్య మధ్య గాజు కరిగేంత పెద్ద మంట ఎందుకు వేశారు? అలాంటి మంట రాత్రిపూట ఆ మైదానంలో ఎన్ని కోసుల దూరానికి కనిపించి ఉంటుందో ఊహించండి. 2004లో పీటర్ జొహాన్సెన్, నికోల్ బొవిన్ వేర్వేరుగా రాసిన వ్యాసాల్లో ఈ దిశగానే వాదించారు. ఇవి చెత్తకుప్పలు కావని, ఆ సమాజం తెలిసి తెలిసి కట్టుకున్న స్మారకాలని, మంద ఎంత పెద్దదైతే దిబ్బ అంత ఎత్తని వారి వాదన సారాంశం. అదే కాలంలో మస్కి, పిక్లిహాళ్, కుప్‌గల్ కొండల మీద బండలపై పొడిచిన బొమ్మల్లో కొమ్ముల ఎద్దులే అత్యధికం అన్నది దీనికి బలం చేకూరుస్తుంది. నాకు ఈ వాదన పట్ల మొగ్గు ఉన్నది. అయితే ఆబిడ్స్ పాఠకుడు గారు చెప్పినట్టు ప్రశ్నను రెండుగా విడగొట్టడం ఒక పరిధి వరకే సాధ్యమని నా అభిప్రాయం. పశువే ధనం, పశువే దైవం అయిన ఇంట్లో దొడ్డి ఎక్కడ ముగుస్తుంది, గుడి ఎక్కడ మొదలవుతుంది?

ఇంగ్లండులో ఇదే కాలానికి చెందిన మట్టి ఆవరణల విషయంలో కూడా వాదన తెగలేదు. ఏవ్‌బరీలో కందకం లోపల, మట్టికట్ట బయట ఉన్నాయి. శత్రువును ఆపదలచినవాడు అలా తవ్వడు కనుక అది కోట కాదని చెప్పగలుగుతున్నారు. ఏది కాదో చెప్పడం తేలిక, ఏదో చెప్పడమే కష్టం. మన ఉట్నూరుకు కనీసం గిట్టల ముద్రలు ఉన్నాయి.

చివరగా కొంచెం కటువైన మాట. కిటికీలో ఉన్న ఆ గడ్డను దయచేసి తిరిగి ఇచ్చివేయండి. హంపి 1986 నుంచి ప్రపంచ వారసత్వ ప్రదేశం. అక్కడ బోర్డు కనిపించినా కనిపించకపోయినా దేన్నీ తీసుకురాకూడదు. కేంద్ర రక్షణలో ఉన్న కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం, ఆ తరువాత 200 మీటర్ల వరకు అనుమతి తప్పనిసరి అన్న నియమం 2010 నుంచి గట్టిగా ఉన్నది. కాని ఈ దిబ్బలకు గోడ లేదు, గోపురం లేదు. చూసేవారికి ఇది కట్టడం అనిపించదు, అందువల్లనే ఎరువుకని బండ్లతో, ట్రాక్టర్లతో తవ్వుకుపోయిన దిబ్బలు ఎన్నో ఉన్నాయి. ఒక్కొక్క పొర ఒక్కొక్క మంట. గడ్డను ఏ పొర నుంచి తీశారో తెలియకపోతే అది ఇక ఏమీ చెప్పదు.

జవాబు: ఆబిడ్స్ పాఠకుడు

విద్యార్థిని గారికి కృతజ్ఞతలు. బూదిహాళ్ ఫలితాలను నా జవాబులో చేర్చకపోవడం లోపమే, నా చదువు 1961 నివేదిక దగ్గర ఆగిపోయింది. భోగి మంటల పోలిక గురించి మాత్రం ఒక మాట. మొన్న ఈ చర్చను మా కాలనీ వాట్సాప్ గ్రూపులో పెడితే, దీపావళి మరునాడు మన నగరంలో జరిగే సదర్‌కు ఐదు వేల ఏళ్ళ చరిత్ర ఉన్నదని సాయంత్రానికల్లా తీర్మానం అయిపోయింది. సదర్‌లో ఊరేగించేవి దున్నపోతులు, ఉట్నూరు దొడ్డిలోనివి మూపురపు జాతి ఆవులు, ఎద్దులు. మధ్యలో నాలుగు వేల ఏళ్ళకు పైగా ఖాళీ ఉన్నది. ఆల్చిన్ పండుగలను ఉదాహరణగా చూపారు గాని వంశవృక్షం గీయలేదు.

స్మారకం అన్న వాదన మీద నాకు ఇంకా సందేహం ఉన్నది. దిబ్బ ఎత్తుగా ఉండటం ఫలితమా, ఉద్దేశమా? మా వీధి చివర చెత్త వేసే మూల కూడా ఇరవై ఏళ్ళుగా మారలేదు. అక్కడ వేయవద్దని బోర్డు పెట్టిన తరువాత కూడా జనం అక్కడే వేస్తున్నారు. దాన్ని స్మారకం అనలేము కదా.

జవాబు: గచ్చిబౌలి పరిశోధక విద్యార్థిని

మీ వీధి చివర చెత్తను ఎవరూ గాజు కరిగేదాకా కాల్చడం లేదు గదా, అండీ. అలవాటు చోటును వివరిస్తుంది, మంటను వివరించదు. పొరలవారీగా ఏ ఋతువులో, ఎన్నేళ్ళకొకసారి ఆ పెద్ద మంటలు వేశారో తెలిస్తే మీకూ నాకూ ఈ పేచీ ఉండదు. ఏటా ఒకే కాలంలో అయితే పండుగ వైపు, పేడ నిండినప్పుడల్లా అయితే శుభ్రత వైపు తూగుతుంది. అది తేలాలంటే దిబ్బలు మిగిలి ఉండాలి.

ప్రశ్న వేసినవారు: తార్నాక టీచర్

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. పెంటకుప్ప కథ, నిమ్మరసం సంగతి మా అబ్బాయికి చదివి వినిపించాను. వాడు పాలమూరు వారి పక్షం. పిడుదులు పట్టిన కుక్కపిల్లను పెంచిన అనుభవం ఉన్నది కనుక, వాటి కోసం ఎంత పెద్ద మంటైనా వేయవచ్చునని వాడి ఉద్దేశం. మా అత్తగారు మాత్రం అది వాలి చితేనని, గొడ్లు తరువాత వచ్చి ఉంటాయని అంటున్నారు.

గడ్డ విషయంలో తప్పు మాదే. వచ్చే నెల మా తమ్ముడు హోస్పేట వెళుతున్నాడు. కమలాపురంలో ఉన్న పురావస్తు మ్యూజియం కార్యాలయంలో అప్పగించమని చెప్పాను. మావాడు దాన్ని బిస్కెట్ల డబ్బాలో దూదిపెట్టి సర్ది, లోపల ఒక చీటీ రాసి పెట్టాడు: "నింబాపురం దిబ్బ, తూర్పు వైపు, కింది నుంచి నా మోకాలి ఎత్తున తీశాను. నా ఎత్తు 4 అడుగుల 7 అంగుళాలు." పొర తెలియకపోతే అది ఏమీ చెప్పదన్నారు కదా, కొంతైనా పనికివస్తుందేమో విద్యార్థిని గారే చెప్పాలి.